కుళ్ళుగుడ్డు వాసనతో పెళ్ళిచూపులు

ఆ ఉదయం మబ్బు కొండల మీంచి దిగి, అల్మాతీ ల్యాబ్ కిటికీ దాకా వచ్చి ఆగింది. కురవలేదు, పోనూ లేదు.

ఒల్జాస్ కూడా అలాంటివాడే. జజీరా పక్క బల్ల దగ్గర రెండేళ్ళు పనిచేసి, మొన్న గాని మనసులో మాట చెప్పలేదు. ఇవాళ మధ్యాహ్నం అతన్ని భోజనానికి తీసుకురమ్మంది ఆమె నాయనమ్మ. కజక్‌లో నాయనమ్మంటే అజె. జజీరాను పెంచింది ఆ అజెయే. అజె కాదంటే ఇక కాదు.

"నా డీటీటీ ఎవరు బయట పెట్టారు?" ఫ్రిజ్ ముందు నిలబడి అరిచింది జజీరా.

"నువ్వే. నిన్న," అన్నాడు పక్క బల్ల నుంచి ఒల్జాస్.

"చెప్పొచ్చుగా!"

"అడగలేదుగా."

ప్రోటీన్ల ముడులు విప్పే మందు అది. కలిపి బయట వదిలేస్తే సత్తువ పోతుంది. ఇప్పుడు ముడులు విప్పకపోతే ఆమె వారం కష్టం గడ్డకట్టి ట్యూబు అడుగున కూర్చుంటుంది. ఇక మిగిలింది మెర్కాప్టోఎథనాల్. పని అదే చేస్తుంది గాని, కుళ్ళిన గుడ్డు కంపు.

"నువ్వు ముట్టకు. నేను పోస్తా," అన్నాడు ఒల్జాస్.

పోస్తూ, ఆమె తనవంక చూస్తోందా అని చూశాడు. చూస్తోంది. సీసాను మాత్రం ఎవరూ చూడలేదు.

మందు ఒలికిన చొక్కా మార్చాడు. చేతులు రుద్ది రుద్ది కడిగాడు. కంపు జుట్టులో కాపురం పెట్టింది.

అజె ఊరు తల్గార్ వెళ్ళే బస్సులో జనం ఒక్కొక్కరే లేచి ముందుకు జరిగారు.

"పోనీలే, సీటు దొరికింది," అంది జజీరా.

అజె తలుపు తీసి, నవ్వబోయి ఆగింది. "గ్యాస్!"

పొయ్యి ఆర్పింది. మాంసం గిన్నె ఎత్తుకుని పెరట్లోకి నడిచింది. ఇరుగుపొరుగును కేకేసి బయటికి రప్పించింది. ఫోన్ అందుకుంది. గ్యాస్ వాళ్ళొస్తే వీధి మొత్తానికీ పొయ్యిలు ఆగిపోతాయి.

జజీరా ఒల్జాస్ కాలు తొక్కింది. "నోరెత్తకు. గాలికి అదే పోతుంది."

"అజె," అన్నాడు ఒల్జాస్. "పొయ్యి కాదు. నేను."

అజె ఫోన్ దించింది. అతని తల వంచి వాసన చూసింది.

"కడిగితే పోదా?"

"కొన్నాళ్ళకి పోతుంది."

"పోయాక?"

"ఆ పని పడితే మళ్ళీ వస్తుంది."

"మా పిల్లకీ వస్తుందా?"

ఒల్జాస్ జజీరావంక చూశాడు. జజీరా నేలవంక చూసింది.

"పోయిన చలికాలం నువ్వొచ్చావు, ఇల్లంతా ఇదే కంపు. కొత్త పొయ్యి కొన్నాను," అంది అజె. "అది నువ్వా?"

"నేనే, అజె."

"ఒక్క ముక్క చెప్పావుటే? వీడు వచ్చిన రోజే చెప్పాడు."

అజె ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"అయినా, మిమ్మల్ని ఇంకెవరు చేసుకుంటారు? కూర్చోండి."

పెరట్లోనే గుడ్డ పరిచింది. గాలివాలుకి చివర కూర్చోబోయిన ఒల్జాస్‌ను చెయ్యి పట్టి తెచ్చి తన పక్కన కూర్చోబెట్టుకుంది. గుప్పెడు మాంసం తీసి, సొంత మనవడికి పెట్టినట్టు, తన చేత్తో అతని నోట్లో పెట్టింది. తర్వాత జజీరా నోట్లో. పెద్ద గుప్పెళ్ళు.

ఇరుగుపొరుగు గోడ మీంచి చూస్తున్నారు. ముగ్గురూ తలెత్తకుండా తిన్నారు.