మంచు కారణంగా విమానం రద్దయింది

మా ఎయిర్‌పోర్టులో పాత టెర్మినల్ వైపు చీకటి పడ్డాక ఎవరూ వెళ్ళరు. మంచు తోసే బండి డ్రైవర్లు కూడా ఆ రోడ్డు సగం దాకా తోసి, మిగతాది ఎండకి వదిలేస్తారు. మా ఈశాన్య చైనాలో చలికాలపు ఎండ ఏపాటిదో తెలిసినవాళ్ళకి, వాళ్ళ భయం ఏపాటిదో తెలుస్తుంది.

అక్కడ ఒక ఆడగొంతు వినిపిస్తుంది...

తాళం పడ్డ ఆ హాల్లోంచి, కటిక చీకట్లోంచి — "ప్రయాణికులకు మనవి. మంచు కారణంగా షెన్‌యాంగ్ విమానం రద్దయింది. దయచేసి ఇళ్ళకు వెళ్ళండి."

షెన్‌యాంగ్ విమానం ఆగిపోయి ఏళ్ళయింది.

ఆ హాలు మొదట్లో సైన్యం వేసుకున్న షెడ్డు. తర్వాత జనాన్నీ ఎక్కించడం మొదలుపెట్టారు. పెట్టెతో పాటు మనిషినీ కాటా మీద నిలబెట్టి తూచేవారట. ఇంకొన్నాళ్ళకి సియోల్ నుంచి వారానికో విమానం దిగింది. అంతే, మాది అంతర్జాతీయ విమానాశ్రయమైపోయింది! ఆ మాట పట్టేంత పెద్ద బోర్డు కోసం గోడ పొడిగించారు. ఇప్పుడు కొత్త అద్దాల టెర్మినల్ ఉంది. వేడినీళ్ళ కుళాయిలు, చక్రాల కుర్చీలు, జిన్‌సెంగ్ మందువేర్లు అమ్మే కొట్టు, పసిపిల్లల తల్లులకి వేరే గది... ఏ లోటూ లేదు, ప్రయాణికులు తప్ప.

అక్కడ నేను రాత్రి డ్యూటీ భద్రతాధికారిని. పేరు ఛియావ్ జెన్‌హై. జెన్‌హై అంటే సముద్రాన్ని అణచేవాడని అర్థం. ఇంట్లో బొద్దింక కనబడితే నేను కుర్చీ ఎక్కుతాను, మా ఆవిడ చెప్పు తీస్తుంది.

ఒకనాడు క్యాంటీన్లో, పుల్లటి క్యాబేజీ డంప్లింగులు తింటూ నోరు జారాను. "దెయ్యమా, గాడిద గుడ్డా!"

మంచుబండి మెంగ్ నవ్వాడు. "అయితే వెళ్ళి పలకరించి రా తమ్ముడూ. నీ గిన్నె నేను చూసుకుంటాలే."

అందరూ నా వైపే చూస్తున్నారు. లేవక తప్పలేదు.

నడుస్తున్నాను... కాళ్ళ కింద మంచు కిర్రుకిర్రుమంటోంది. వెనక్కి చూస్తే క్యాంటీన్ కిటికీ నిండా తలకాయలు.

పక్కతలుపు — తాళం లేదు. ఓరగా తెరిచి ఉంది.

లోపలికి టార్చి వేశాను. దుమ్ము పట్టిన కుర్చీల వరుస. చివరి కుర్చీలో...

ఒక మనిషి.

కదలడు. మెదలడు. చేతులకి లోడర్ల తొడుగులు. చూపు రన్‌వే వైపు.

అప్పుడు — నా వెనకే, చెవి పక్కనే — "ప్రయాణికులకు మనవి..."

అరవబోయాను. వచ్చింది అరుపు కాదు, కుక్కపిల్ల మూలుగు. పరిగెత్తాను, అదీ తలుపు వైపు కాదు. పాత కాటా నుదుటికి ఎదురొచ్చింది.

కళ్ళు తెరిచేసరికి ఒక ముసలావిడ నా మీదికి వంగి ఉంది. చేతిలో మైకు. పక్కన, పార్కుల్లో ఆడవాళ్ళు పాటలు పెట్టుకుని డాన్సు చేసే చక్రాల స్పీకరు.

"ఉష్... గట్టిగా ఏడవకు బాబూ," అంది గుసగుసగా. "ఆయన జడుసుకుంటాడు."

ఆవిడ షుయే యున్‌పింగ్. ఈ హాల్లోనే పాతికేళ్ళు అనౌన్సరు. తాళంచెవి ఎవరూ తిరిగి అడగలేదట. కుర్చీలో ఉన్నది భర్త హోవ్. షెన్‌యాంగ్ విమానానికి సామాన్లు ఎత్తిన మనిషి. ఇప్పుడు చెవులు సరిగ్గా వినబడవు, మతి నిలకడా లేదు. పొద్దుగుంకగానే డ్యూటీ అంటూ బయల్దేరతాడు. పోయిన చలికాలం విమానాన్ని వెతుక్కుంటూ రన్‌వే కంచె దాకా వెళ్ళి పడిపోయాడు. మంచుకి చచ్చుబడ్డ రెండు వేళ్ళు తీసేయాల్సి వచ్చింది.

"విమానం లేదని ఇంట్లోనే చెప్పొచ్చుగా పెద్దమ్మా?"

"నలభై ఏళ్ళ కాపురంలో నా మాట ఎప్పుడు విన్నాడు గనక? మైకులో చెబితేనే వింటాడు."

నిజమే. ఆయన అప్పటికే తొడుగులు విప్పి, బుద్ధిగా తలుపు దగ్గర నిలబడ్డాడు.

రూలు ప్రకారం నేను పైవాళ్ళకి చెప్పాలి. వాళ్ళు ఆ తలుపుకి కొత్త తాళం వేస్తారు. ఆ తర్వాత ఆయన ఎక్కడికి పోతాడు?

క్యాంటీన్‌కి తిరిగొచ్చాను. నుదుటి మీద కోడిగుడ్డంత బొప్పి.

"ఏమైంది?" మెంగ్ మొహంలో నవ్వు లేదు.

"ఉంది అన్నా," అన్నాను. "జుట్టు విరబోసుకుని ఉంది. నేను పారిపోయి వచ్చాను. ఎవరూ అటు వెళ్ళకండి."

ఎవరూ వెళ్ళలేదు. నన్ను మాత్రం ఆ చలికాలమంతా 'సముద్రం గారూ' అని పిలిచారు.

మంచు బాగా కురిసిన ఒక రాత్రి చూసొద్దామని వెళ్ళాను. యున్‌పింగ్ పెద్దమ్మకి జలుబు చేసి గొంతు పూర్తిగా పోయింది. మాట పెగలడం లేదు. హోవ్ లేచి రన్‌వే వైపు అడుగులేస్తున్నాడు. ఆవిడ పరుగున వచ్చి మైకు నా చేతిలో పెట్టింది.

"ప్ర... ప్రయాణికులకు మనవి..." నా వణుకు చలి వల్లేనని మీరు నమ్మాలి.

హోవ్ ఆగాడు. తొడుగులు విప్పాడు. నేరుగా నా దగ్గరికొచ్చాడు.

"ఆ అమ్మాయి రాలేదా?"

"సెలవు పెట్టింది పెద్దాయనా."

"రేపొస్తుందా?"

"వస్తుంది."

ఆయన నా చెవి దగ్గరికి వంగాడు. చెవుడున్నవాళ్ళ గుసగుస కదా, హాలంతా వినిపించింది.

"విమానం లేదని నాకూ తెలుసోయ్... ఆ పిల్ల గొంతు విందామనే వస్తాను. మా ఇంటావిడతో మాత్రం అనకు."

ఇంటావిడ పక్కనే ఉంది. ఆయన కోటు గుండీలు మెడ దాకా పెట్టి, చెయ్యి పట్టుకుని మంచులోకి నడిపించుకుపోయింది.