చెమ్మ తినని కన్ను

నేను కళ్లజోళ్ల షాపులో పనిచేస్తాను. పొద్దున పదింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా ఎదుటివాళ్ల కళ్లలోకి చూడటమే నా ఉద్యోగం. గడ్డం ఇక్కడ ఆనించండి, రెప్ప వాల్చకండి, పై వరసలో అక్షరాలు చదవండి. ఇంటికొచ్చాక మాత్రం నా కళ్లలోకి చూసే మనిషి లేడు.

మా ఆయన లెక్కల మాస్టారు. చెడ్డవారు కాదు. గట్టిగా కసురుకుని ఎరగరు, కూరలో ఉప్పు మరిచిపోయినా మాట్లాడకుండా తినేస్తారు. కానీ నాతో మాట్లాడేటప్పుడు ఆయన చూపు నా భుజం మీదుగా ముందుగది గోడ మీదికి పోతుంది. ఆ గోడకు ఆయన మొదటి భార్య ఫొటో ఉండేది. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టడానికి మూడేళ్ల ముందే ఆవిడ జ్వరమొచ్చి పోయింది. పోయిన మనిషి మీద ఏడవడమేమిటే అని నన్ను నేనే తిట్టుకునేదాన్ని. తిట్టుకుని, మళ్లీ ఏడ్చేదాన్ని.

ఆ ఏడు వానలకు గోడ ఊరింది. ఒక ఆదివారం ఆయన దుమ్ము తుడుద్దామని ఫ్రేము దించితే, లోపలికి చెమ్మ దిగి ఉంది. ఆవిడ కుడి కన్ను లేదు. కనుబొమ నుంచి సగం చెంప దాకా బూడిదరంగు మరక. ఎడమ కన్ను మాత్రం చెక్కుచెదరలేదు.

ఆయన కుర్చీలో కూలబడ్డారు. "ఇదొక్కటే ఉంది."

"స్టూడియోలో ఇస్తే బాగుచేస్తారండీ."

"వద్దు. వాళ్లెక్కడైనా పారేస్తే? దీన్ని బయటికి పంపను."

నేను పుట్టింటికెళ్లి పది రోజులుంటే ఒక్క ఫోనైనా చెయ్యని మనిషి! ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే నోరు జారాను. "నేను చేస్తాను లెండి, కంప్యూటర్లో."

ఆయన తలెత్తి నావైపు చూశారు. నిజంగా, నావైపే. ఆ ఒక్క చూపు కోసమే అన్నానేమో.

ఫొటోని ఫోన్‌తో తీసి లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. షాపులో నన్ను వదినా అని పిలిచే అమ్మాయి ఒకతె ఉంది. ఫొటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ డబ్బులివ్వక్కర్లేనిది తనే వెతికి పెట్టింది. "ఊరికే దొరుకుతుంది గానీ వదినా, ఊరికే రాదు," అని నవ్వింది.

నిజంగానే ఊరికే రాలేదు. మొదటిరోజు ఏం నొక్కానో, తెర పక్కనున్న పనిముట్లన్నీ మాయమైపోయాయి. లాప్‌టాప్ తగలేశాననుకుని ఆ అమ్మాయికి ఫోన్ చేస్తే, "టాబ్ మీట నొక్కు వదినా, అంతే," అంది. అంతే! రెండోరోజు గంటసేపు కష్టపడి సేవ్ చేసి ఫోన్లో చూద్దామంటే తెరుచుకోదు. సేవ్ వేరట, ఫోన్లో చూడ్డానికి చేసే ఎక్స్‌పోర్ట్ వేరట. మూడోరోజు బ్రష్షు పెట్టి ఎంత రుద్దినా ఏమీ పడదే! చివరికి చూస్తే నేను వేరే లేయర్ మీద రుద్దుతున్నాను. లేయర్లంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన గాజు పలకల్లాంటివి. ఏ పలక మీద పనిచేస్తున్నామో చూసుకోవాలి.

వీడియోలు చూస్తూ, ఆపుతూ, రాసుకుంటూ నేర్చుకున్నాను. బాగున్న చర్మం మీద ఒకసారి నొక్కి, పాడైనచోట బ్రష్షుతో రుద్దితే ఆ చర్మమే ఇక్కడికొచ్చి పరుచుకుంటుంది. దానికి బొమ్మని నాలుగింతలు పెద్దది చెయ్యాలి. తెర నిండా ఆవిడ చెంపే. పెదవి పక్కన ఆటలమ్మ మచ్చ, చెవి దగ్గర నూగు వెంట్రుకలు. రోజూ రెండు గంటలు నా ముక్కుకి జానెడు దూరంలో. సవతి చెంపకి మెరుగులు పెట్టే యోగం ఎంతమందికి పడుతుంది?

చెంప కుదిరింది. కన్నుకి మాత్రం ఎడమదాన్నే తీసి తిరగేసి అతికించమని వీడియోలో చెప్పారు. అతికించి ఆయనకు చూపించాను.

చాలాసేపు చూశారు. "బాగుంది. కానీ... తను చూడట్లేదు."

మర్నాడు మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడి నా ముఖమే ఫొటో తీసుకున్నాను. నా కుడి కన్ను కత్తిరించి ఆవిడ ముఖంలో పెట్టి, రంగు కలిపి, అంచులు మెత్తబరిచాను. అచ్చం పుట్టినప్పటి నుంచీ అక్కడే ఉన్నట్టు అమిరింది.

అక్కడితో ఆగాల్సింది. ఎడమ కన్నుకి ఏ లోపమూ లేదు. దాన్ని ముట్టుకునే పనే లేదు. కానీ అది నన్నే చూస్తున్నట్టుంది. ఎంత చేసినా ఆయన నావాడే అన్నట్టు.

దాన్ని చెరిపేశాను. నా ఎడమ కన్ను పెట్టాను.

లేయర్లన్నీ కలిపేసి ఒకటి చేశాను. ఫోన్లో ఉన్న పాత ఫొటో తుడిచేశాను. తడిసిన అసలు కాగితాన్ని ముక్కలు చేసి చెత్తలో కలిపేసి, చేతిలోనే చిరిగిపోయిందని ఆయనతో చెప్పాను. కొత్త ప్రింటు ఫ్రేములోకి ఎక్కింది.

దాని ముందు నిలబడి ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఇదే. ఇదే చూపు."

వెనక నిలబడి లోలోపల పొంగిపోయాను. ఆయన చూస్తున్నది నా కళ్లనే, పాపం ఆయనకే తెలీదు అనుకుంటూ. ఆ తర్వాత ఆయన ఇటు తిరిగారు. నా ముఖం మీదుగా చూపు జారిపోయింది, ఎప్పటిలాగే. గోడ మీదున్న నా కళ్ల మీదే నాకు అసూయ పుట్టింది.

రెండు రోజులు గడిచాయి. షాపులో ఒక పెద్దాయన కళ్లు చూస్తున్నాను. రెప్ప వేశాను. ఆ రెప్పపాటులో చీకటికి బదులు మా ముందుగది కనిపించింది. పైనుంచి. బీరువా మీద పేరుకున్న దుమ్ము, ఆ దుమ్ములో బల్లి పాకిన జాడ. నేనెప్పుడూ చూడనివి. అలసటేమోలే అనుకున్నాను.

ఆ సాయంత్రం ఇంటికొచ్చేసరికి వాన పట్టుకుంది. ఆయన ఇంకా రాలేదు. మాతోనే ఉండే మా అత్తగారు ముందుగదిలో పీట మీద కూర్చుని ఉన్నారు. ఆవిడ రెండు కళ్లకీ శుక్లాలు. మనిషిని నీడలాగే పోల్చుకుంటారు. నేను వంటింట్లోకి వెళ్లీ వెళ్లగానే కరెంటు పోయింది.

అగ్గిపెట్టె కోసం తడుముకుంటూ రెప్ప వేశాను.

ముందుగది... పైనుంచి. కిటికీలోంచి మసక వెలుతురు. అత్తగారు పీట మీద. జుట్టు విరబోసి ఉంది. ఆవిడ వెనక ఎవరో కూర్చుని తల దువ్వుతున్నారు.

కళ్లు తెరిచాను. వంటింట్లో చీకటి. చేతిలో అగ్గిపెట్టె.

"అత్తయ్యా..."

"ఊఁ."

"మీ దగ్గర... ఎవరైనా ఉన్నారా?"

"నువ్వేగా దువ్వుతున్నావు. మెల్లగా లాగవే అమ్మాయ్, నొప్పెడుతోంది."

దువ్వెన చప్పుడు వినిపిస్తోంది. సర్ర్... సర్ర్... తడిసిన సున్నం వాసన వంటింటి గుమ్మం దాకా వచ్చింది. గుమ్మం దాటలేదు నేను. రెప్ప మాత్రం వెయ్యకూడదు, అదొక్కటే అనుకున్నాను. ఎంత మొండివాళ్లయినా నిమిషం కంటే ఎక్కువ ఆపలేరు. షాపులో రోజూ చూస్తాను. కళ్లు మండాయి. నీళ్లు కారాయి. ఇంకొంచెం... ఇంకొంచెం...

వాలిపోయాయి.

దువ్వెన ఆగింది. దువ్వుతున్న ఆమె ఇప్పుడు ఫ్రేము కిందే నిలబడి ఉంది. ఒంటి మీద నా ఆకుపచ్చ నైటీ. ముఖం పైకెత్తింది. ఆ చెంప నాకు తెలుసు. పెదవి పక్కన ఆటలమ్మ మచ్చ. పైన రెండు వైపులా... కళ్లుండాల్సిన చోట... బూడిదరంగు మరకలు.

చెయ్యి చాచి ఫొటో అద్దాన్ని తడిమింది. నా రెప్పల మీద చల్లగా తగిలింది.

"కుడిది చెమ్మ తినేసింది," గుసగుసగా అంది. "సరే..."

వేళ్లు మెల్లగా జరిగాయి. నా ఎడమ రెప్ప మీద ఆగాయి.

"ఇది బాగానే ఉండేదిగా. ఎందుకు తీశావ్?"

అరిచానో లేదో తెలీదు. అద్దం పగిలిన చప్పుడు మాత్రం విన్నాను.

కరెంటొచ్చేసరికి ఆయన గొడుగుతో వీధిగుమ్మంలో ఉన్నారు. ఫ్రేము నేల మీద బోర్లా పడి ఉంది. నేను వంటింటి గోడకు జారగిలబడి ఉన్నాను, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని. అత్తగారికి ఏ దెబ్బా తగల్లేదు. జుట్టు నున్నగా దువ్వి, గట్టిగా జడ అల్లి ఉంది.

ఆయనకు అంతా చెప్పేశాను. కళ్లు మార్చడం, కాగితం చింపడం, నా ఏడుపు, అన్నీ. తిడతారనుకున్నాను. వంగి గాజుముక్కలు ఏరుతూ అన్నారు: "ఆ ఫొటో నీకంత కష్టంగా ఉందని ఒక్క మాట చెబితే, నేనే తీసి లోపల పెట్టేవాణ్ణి కదా."

ఆ మాటకు ఏడ్చినంత నేనెప్పుడూ ఏడవలేదు. కొత్త ప్రింటు ఆయనే చింపేశారు. లాప్‌టాప్‌లోంచి ఆ బొమ్మనీ, సాఫ్ట్‌వేర్‌నీ నేను తీసేశాను. గోడ ఖాళీ అయింది. రెప్ప వేస్తే మామూలు చీకటే.

ఆయన మారారు. వంటింట్లోకి వచ్చి నిలబడతారు. షాపు కబుర్లు అడుగుతారు. మాట్లాడుతున్నంతసేపూ నా ముఖంలోకే చూస్తారు, ఎన్నేళ్లుగానో నేను కోరుకున్నట్టే. కాకపోతే చూసేది ఎడమ కంట్లోకి. ఆ ఒక్కదాంట్లోకే.

మొన్న ఆ కంట్లో నలక పడి, చేత్తో మూసుకున్నాను. ఆయన మాట మధ్యలో ఆపేశారు. ఎదురుగా నేనుండగానే అటూ ఇటూ వెతుక్కున్నారు, ఇంతసేపూ తనతో మాట్లాడిన మనిషి గదిలోంచి లేచి వెళ్లిపోయినట్టు.