ఏడు వారాల ఇల్లు

రమణమూర్తి మాస్టారు చేసిన నేరమల్లా ఒక్క మామిడికాయ కొరకడమే. పోనీ దొంగతనమా అంటే అదీ కాదు పాపం, బడి వెనకాల గాలికి రాలిన కాయ. "దిస్ ఈజ్ ఎ మేంగో" అని చూపిస్తే పదిహేడు మంది పిల్లలూ పైకప్పు ఎగిరిపోయేలా అన్నారు. ఆ ఊపులో "ఐ ఈట్ ది మేంగో" అంటూ కసుక్కున కొరికాడు. చాకుతో ముక్కలు కోసి, ఉప్పద్ది, తలా ఒకటి ఇవ్వబోయాడు.

ఒక్కరూ ముట్టలేదు. ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు. ముందు బల్ల మీది చిన్నమ్మి పలక చంకన పెట్టుకుని లేచింది. దాని వెనకాలే తక్కిన పదహారు మందీ లేచారు. చూస్తుండగానే గది ఖాళీ అయిపోయింది. మాస్టారి నోట్లో ముక్క నోట్లోనే ఉంది.

"ఏటి సేసినారు మాస్టారూ!"

గుమ్మంలో రత్న. ఊరి పెద్ద గాసికి పెద్దకూతురు, చిన్నమ్మికి అక్క. ఇరవై ఏళ్ల మనిషి. కొండ కిందికి వెళ్లి మిషన్ బడిలో చదువుకుని వచ్చి, ఈ సెకండరీ స్కూల్లోనే, దానికి కలిపిన చిన్న తరగతులకు అక్షరాలు దిద్దిస్తోంది. సాయంత్రాలు రమణమూర్తి దగ్గర ఇంగ్లీషు రీడరు చదువుతుంది. అరకు లోయలో అతని నిద్ర చెడగొడుతున్నది చలి కాదు, ఆమే. ఆ సంగతి ఆమెకు తెలియదని అతని ధీమా. మగవాళ్ల ధీమాలు అలాగే ఉంటాయి.

"పాఠం కోసం కాయ కొరికాను. అంతేగా?"

"కొత్త పండగ అవకుండానా? శంకుదేముడికి పెట్టకుండా మేం మామిడికాయ నోట ఎట్టం. ఎట్టినోడి గుమ్మం తొక్కం."

"నాకెవరూ చెప్పలేదే!"

"మీరు అడిగితే కదా! వచ్చిన కాడి నుంచి మీరు సెప్పడమే గానీ, అడిగిందెప్పుడు?"

రమణమూర్తికి పాత సంగతి గుర్తొచ్చింది. కిందటి జ్యేష్ఠంలో, వచ్చిన మొదటి రోజునే ఇద్దరికీ ఇలాంటి తగువే. తిన్నగా లోపలికొచ్చిన చిన్నమ్మిని వెనక్కి పంపి, "మే ఐ కమిన్ సార్" అనేదాకా వానజల్లులో నిలబెట్టాడు. ఆ పిల్ల మొండిఘటం, పాఠం అయ్యేదాకా నోరు విప్పలేదు. అప్పుడూ ఈ రత్నే వచ్చింది.

"మా కొండల మీద గుమ్మం ఉన్నది రావడానికండి, అడగడానికి కాదు."

"అది ఇంగ్లీషు మర్యాదమ్మా!"

"మీ మరియాదకి మా గుంట ముక్కు కారతంది, సూడండి."

ఆ రోజు అతనికి కోపం రావలసింది. రాలేదు. ఏం వచ్చిందో ఆ రాత్రి నిద్ర పట్టనప్పుడు తెలిసింది.

"రత్నా," అన్నాడు ఇప్పుడు దిగులుగా, "మంగళవారం ఇన్‌స్పెక్టరుగారు వస్తున్నారు. పిల్లలు లేకపోతే ఇంగ్లీషు క్లాసు ఎత్తేస్తారు. నన్ను మళ్లీ కిందికి పంపేస్తారు."

"పంపేత్తే పోతారా?" అంది రత్న. అని, ఎందుకన్నానా అనుకుంటూ చూపు కిటికీ వైపు తిప్పేసుకుంది. "మా అయ్యని కలండి. బేగి కలండి."

గాసి అరుగు మీద కూర్చుని అడ్డాకులతో విస్తళ్లు కుడుతున్నాడు. మాస్టారు చేతులు కట్టుకుని తప్పు ఒప్పుకున్నాడు. గాసి కోప్పడలేదు. అదే ఇంకా భయంగా ఉంది.

"తెలవక సేసినావు. దేముడికి ఓ కోడి ఇచ్చీ. సోమారం కొత్త పండగ. అందరితో పాటు నువ్వూ కొత్త తిను. తప్పు పోతాది. మర్నాడు పిల్లలొత్తారు."

"అంతేనా! తప్పకుండా తింటాను."

"ఏ ఇంట్ల తింటావు?"

"ఎక్కడైనా సరే. బడి వసారాలో పెట్టినా పర్లేదు."

గాసి కుట్టడం ఆపాడు. "కొత్త ఎవులింట్ల ఆళ్లే తినాల బాబూ. ఏ ఇంట్ల తింటే ఆ ఇంటోడే. కొడుకన్నా అవ్వాల, అల్లుడన్నా అవ్వాల. ఇల్లు లేనోడికి కొత్త లేదు."

లోపల ఏదో గిన్నె ఠంగుమని కింద పడింది.

ఆదివారం సాయంత్రం జల్లు పట్టుకుంది. బడి చూరు కింద రమణమూర్తి ఒక్కడే కూర్చున్నాడు. తలమీద ఆకులతో అల్లిన గిడుగు వేసుకుని, మడమలదాకా బురదతో రత్న వచ్చింది. చంకలో రీడరు.

"గుడ్ మార్నింగ్ మాస్టారూ!"

"సాయంత్రం గుడ్ మార్నింగ్ ఏమిటి?"

"మీ మొకం సూత్తే పొద్దుకూకినట్టుంది. అందుకని నేనే తెల్లారబెట్టినాను."

అతనికి నవ్వొచ్చింది. నవ్వు వెనకాలే, ఎవరికీ చెప్పుకోని మాట కూడా వచ్చేసింది.

"నాకు చిన్నప్పుడే అమ్మానాన్న పోయారు. వారాలు చేసుకుని చదువుకున్నాను రత్నా. సోమవారం ఒకరింట్లో భోజనం, మంగళవారం ఇంకొకరింట్లో. ఏడు రోజులకు ఏడిళ్లు. పుణ్యాత్ములు, కడుపునిండా పెట్టారు. కానీ విస్తరెప్పుడూ వీధి వసారాలోనే. లోపలికి రా అని ఒక్కళ్లూ అనలేదు. మీ నాన్న ఏ ఇంట్లో తింటావని అడిగితే నాకు సమాధానం తెలియలేదు."

రత్న నవ్వలేదు. గిడుగు పక్కన పెట్టి, కాస్త ఎడంగా కూర్చుంది.

"ఇప్పుడు తెలిసింది," అన్నాడు రమణమూర్తి. "మీ ఇంట్లో తినాలనుంది. ఒక్క కొత్తకే కాదు, రోజూ. నీకిష్టమైతేనే."

"కొండోళ్లింట తిన్నారని మీ కిందోళ్లు ఎలేత్తే?"

"వసారాలో కూర్చోబెట్టినవాళ్లు ఇంకెక్కడికి వెలేస్తారు?"

చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. రత్న అరచేత్తో ఆ నీళ్లు పట్టి అతని మీద చిలకరించింది.

"పది నెల్ల నుంచి సూత్తన్నాను, ఈ మాట రేపొత్తాది, ఎల్లుండొత్తాది అని. రీడరు రెండుసార్లు తిరగేసినాను మీ కోసం!"

"నీకు తెలుసా?"

"మా మేకలకి కూడా తెలుసు." లేచి గిడుగు తలకెత్తుకుంది. "కానీ గుమ్మం మా అయ్యది. రేపొచ్చి అడగండి. పిల్లల్ని రోజూ నిలబెడతారు కదా, మీరూ ఓ పాలి నిలబడండి."

సోమవారం ఊరంతా డప్పులు. దేవుడి దగ్గర మామిడికాయలు పెట్టి, రమణమూర్తి ఇచ్చిన కోడినీ పెట్టి, ఎవరింటికి వాళ్లు చేరారు. సన్నగా జల్లు మొదలైంది. ఉతికిన పంచె కట్టుకుని మాస్టారు గాసి గుమ్మం ముందు నిలబడ్డాడు. చుట్టుపక్కల ప్రతి గుమ్మంలోనూ అతని క్లాసు పిల్లల తలకాయలే.

"మే ఐ కమిన్?" అన్నాడు.

గాసి తాపీగా బయటికొచ్చాడు. "మా చిన్నమ్మిని వానలో ఎంతసేపు నిలబెట్టినావు?"

"ఒక పాఠం సేపండీ."

"అయితే అంతసేపూ నిలబడు."

పిల్లలు కిసుక్కుమన్నారు. మాస్టారు కదల్లేదు. జుట్టు తడిసింది, పంచె తడిసింది, చివరికి ముక్కు కూడా కారింది. తలుపు పక్క నుంచి చూస్తున్న రత్న కళ్లలో నవ్వు పోయి నీళ్లు నిండాయి.

"అయ్యా, పాఠం అయిపోనాది," అంది.

"నీకెలా తెలుసే?"

"ఆయనకి వచ్చీసింది కాబట్టి."

గాసి కూతుర్ని చూశాడు. తడిసి ముద్దయిన మాస్టారిని చూశాడు. మీసం కింద నవ్వు దాచుకుంటూ వెనక్కి తిరిగాడు. గుమ్మంలో చిన్నమ్మి పెదవులు కదిపి అందిస్తోంది. రాత్రి నుంచి నేర్పుతున్న పాఠమది.

"కమిన్," అన్నాడు గాసి.

ఊరంతా గొల్లున నవ్వింది. మర్నాడు ఇన్‌స్పెక్టరుగారు వచ్చేసరికి పదిహేడు మందీ బల్లల మీదున్నారు, తలుపు దగ్గర ఆయన్ని కూడా ఆపి అడిగించారు. ఆయనకు తెగ నచ్చింది, క్లాసు నిలబడింది. కానీ అదంతా మర్నాటి మాట. ఆ పూట రమణమూర్తికి అదేమీ గుర్తులేదు.

అతన్ని వసారాలో కూర్చోబెట్టలేదు. లోపల, పొయ్యి వెచ్చదనం తగిలే చోట, గాసి పక్కనే అడ్డాకు విస్తరి వేశారు. మామిడికాయ కలిపి వండిన సామ అన్నం రత్న వడ్డించింది. అతను తలెత్తలేదు. ఎత్తితే కళ్లు తుడుచుకోవాల్సొస్తుంది.

రత్న వంగి, అతనికి మాత్రమే వినపడేలా, అతను నేర్పిన పాఠమే అప్పజెప్పింది.

"మండే ఇక్కడే. ట్యూస్‌డే ఇక్కడే. వెన్స్‌డే ఇక్కడే..."

సండే దాకా ఒక్క రోజు కూడా వదలకుండా చెప్పింది.