ఓలిగా ఒక్క మాట

తర్లగూడ నుంచి కిరండూల్ దాకా బస్సులు మారి, దారిలో కూలిన చెట్టు తీసేదాకా వానలో నిలబడి, కథల వర్క్‌షాప్ మొదలైపోయాక తడిసి ముద్దయి చేరిన మనిషికి, ఖాళీగా ఉన్న ఒకే ఒక్క కుర్చీ మీద ఎవడో బ్యాగు పెట్టుకుని కనిపిస్తే ఒళ్ళు మండదూ మరి?

ఊర్మిలకు మండింది.

"నీ బ్యాగు కూడ కథలు రాస్తదా?" అంది.

బ్యాగు యజమాని తలెత్తాడు. బక్కపలచని మనిషి, కళ్ళజోడు, నవ్వు ఆపుకోవడం బొత్తిగా చేతకాని మొహం.

"రాయదండీ, వింటుందంతే" అన్నాడు బ్యాగు ఒళ్ళోకి లాక్కుంటూ. "మీరేంటి, కొండ సగం చెప్పులకి అంటించుకొచ్చారు?"

"సగమే తెచ్చిన. మిగతా సగం మీ మెట్ల మీద ఉన్నది, పోయి చూసుకో."

వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కిరండూల్‌లో వానంటే అంతే లెండి. బైలడిలా కొండ మీద పడిన నీళ్ళు ఇనుపరాయి రంగు పులుముకుని ఎర్రగా దిగుతాయి. తెల్ల చుడీదార్ వేసుకొచ్చినవాళ్ళదే తప్పు. ఊర్మిల తెల్లదే వేసుకొచ్చింది.

అతని పేరు ధీరజ్. పుట్టిందీ పెరిగిందీ కిరండూల్ గని క్వార్టర్స్‌లోనే. తండ్రి పైడిరాజు విజయనగరం వైపు నుంచి గనిలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఊర్మిల తర్లగూడలో వ్యవసాయం చేసుకునే కేసాకు రెండో కూతురు. ఇంట్లో తమ దోర్ల తెగ మాట దోర్లీ, బజారులో హిందీ. ఏటూరునాగారంలో చుట్టాలింట ఉండి చదువుకుంది కాబట్టి రాయడం మాత్రం తెలుగులో.

ఆ అయిదు రోజుల వర్క్‌షాప్‌ని టౌన్‌షిప్ తెలుగువాళ్ళు క్లబ్బు హాల్లో పెట్టించారు. కథ ఎలా రాయాలి, ఎలా దిద్దుకోవాలి, పబ్లిషర్‌కి ఎలా పంపాలి, అన్నీ నేర్పడానికి హైదరాబాద్ నుంచి దేవిశ్రీ అనే ఎడిటర్ వచ్చింది. ఆఖరి రోజు ఎంపిక చేసిన కథలతో ఆవిడే పుస్తకం వేస్తుంది. ఊర్మిల అంత దూరం వచ్చింది అందుకే. ఆమె దగ్గర ఒక కథ ఉంది, కోసే అనే తన అక్క కథ. దాన్ని తన పేరుతో అచ్చులో చూసుకోవాలి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు పిచ్చిదానికి.

దేవిశ్రీది ఒక పద్ధతి. ఇద్దరిద్దరిని జోడీ కడుతుంది. ఒకరు తమ జీవితంలో జరిగింది చెప్పాలి, రెండోవాళ్ళు దాన్ని కథగా రాయాలి. చెప్పేశాక అది విన్నవాళ్ళ కథ. చెప్పినవాళ్ళు ఇక దాన్ని ముట్టుకోకూడదు. స్వయంగా రాసుకోవాలనుకున్నది ఉంటే పొరపాటున కూడా జోడీకి చెప్పొద్దని హెచ్చరించింది కూడా. ఇదంతా ఊర్మిల దారిలో వానకు తడుస్తున్నప్పుడే అయిపోయింది.

"ధీరజ్, మీ జోడీ వచ్చేశారు. రూల్స్ చెప్పేయండి" అంది దేవిశ్రీ.

"చెప్తాను మేడమ్" అన్నాడు.

చెప్పాడా? చెప్తాడు, చెప్తాడు. ముందు ఈ అమ్మాయి 'ఏంది' అనే తీరు మీద నాలుగు జోకులు వెయ్యొద్దూ!

*

"ఏంది, ఏంది... మీ ఊళ్ళో పలకరింపు కూడా పోట్లాటలాగే ఉంటుందా?"

"మీ ఇంట్ల 'ఏటి' అంటరు కద. దానికేమన్న కిరీటం పెట్టిన్రా?"

"అది మా నాన్న మాట. నాకైతే కోపం హిందీలో వస్తుంది."

"ప్రేమ?"

అడిగేశాక ఊర్మిల నాలుక కరుచుకుంది. ధీరజ్ కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"దానికింకా భాష దొరకలేదు" అన్నాడు.

మధ్యాహ్నాలన్నీ క్లబ్బు వరండాలోనే గడిచేవి. జల్లు లోపలికి కొట్టినప్పుడల్లా ఇద్దరూ గోడవైపు జరిగేవాళ్ళు. జరిగినప్పుడల్లా మధ్యలో జాగా కాస్త తగ్గేది. వాన వెలిశాక మాత్రం ఎవరూ వెనక్కి జరిగేవాళ్ళు కాదు.

ధీరజ్ తన ఇంటి సంగతులు చెప్పాడు. "మా నాన్న దృష్టిలో రాయడమంటే డ్యూటీలో రిపోర్టు రాయడమే. మిగతావన్నీ పిచ్చి రాతలు. ఒక్క పుస్తకంలో నా పేరు పడితే చాలు ఊర్మిలా, ఆయన నన్ను మనిషిలా చూస్తాడు."

ఆ మాటకు ఊర్మిలకు జాలేసింది. జాలితో పాటు ఇంకేదో కూడా. అందుకే, ఎవరికీ చెప్పనిది అతనికి చెప్పింది.

"మా అక్క మిర్చి కోతలకి తెలంగాణ పోయేది. కాయ తెంపి తెంపి చేతులు నిప్పుల్లెక్క మండేటియి. ఎంత కడిగినా పోయేది కాదు. ఇంటికొచ్చిన నాడు పిల్లగాడు ఉరికొస్తే ఎత్తుకోవాలంటే భయం, వాని కంట్ల మంట పడతదని. అరచేతులు ఎనక్కి మలిచి మోచేతులతోటి దగ్గరికి తీసుకునేది. వాడు ఆ మోచెయ్యే పట్టుకొని నిద్రపోయేటోడు."

ధీరజ్ చేతిలో టీ చల్లారిపోయింది. తాగడమే మరిచిపోయాడు.

"ఇది రాయాల్సిన కథ" అన్నాడు.

"రాసిన. రేపు మేడమ్‌కి ఇస్త. అక్కనడిగితే, నా చేతులు చూసినదానివి, నువ్వైతే రాయి అన్నది."

అతను ఏదో అనబోయి ఆగిపోయాడు. తన మొహం చూస్తూ మాట మరిచిపోయాడనుకుంది ఊర్మిల. అబ్బో, ఎంత మురిసిపోయిందో ఆ పూట! హాస్టల్ గదిలో అద్దం ముందు నిలబడి, నా మొహంలో అంత మరిచిపోయేది ఏముందబ్బా అని రెండుసార్లు చూసుకుంది.

*

ఆఖరి రోజు ఇంటివాళ్ళను కూడా పిలిచారు. ముందు వరసలో పైడిరాజు ఇస్త్రీ చొక్కాతో, పక్కన భార్య పైడమ్మ పట్టుచీరతో కూర్చున్నారు.

"ఈ వర్క్‌షాప్‌లో వచ్చిన అన్నిటికన్నా మంచి కథ" అంది దేవిశ్రీ. "పేరు మోచేతులు. రాసింది ధీరజ్."

పేరు వినగానే ఊర్మిల చెవులు గుయ్యిమన్నాయి. పొరపాటున తన కాగితాలు అతని చేతికి వెళ్ళాయేమో అనుకుంది. అతను చదవడం మొదలెట్టాక తెలిసింది, పొరపాటు కాదని. అక్క చేతులు, అక్క కొడుకు, అంతా ఉంది. చివర మాత్రం మార్చాడు. కథలో అక్క చచ్చిపోయింది. హాల్లో ఆడవాళ్ళు పైటకొంగులు కళ్ళకద్దుకున్నారు. పైడిరాజు అటూ ఇటూ తిరిగి, మా వోడే, మా వోడే అని అందరికీ చెప్పుకుంటున్నాడు.

ఊర్మిల లేచింది. "మేడమ్, అది నా కథ. నేను గూడ ఇచ్చిన."

"చూశానమ్మా" అంది దేవిశ్రీ నెమ్మదిగా. "బాగా రాశావు. కానీ జోడీకి చెప్పిన కథ మనం రాయకూడదని మొదటి రోజే అనుకున్నాం కదా."

"నాకెవ్వరూ చెప్పలే."

"ధీరజ్? మీరు చెప్పలేదా?"

హాలంతా అతని వైపు తిరిగింది. ఊర్మిల కూడా తిరిగింది. ఆమెకు భయం కూడా వేయలేదు. చెప్పలేదని చెప్తాడు, అంతే కదా. అతను తండ్రి వైపు చూశాడు. పైడిరాజు కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి. కొడుకుని అలా చూడటం ఆ మనిషికి అదే మొదలు.

"చెప్పాను మేడమ్" అన్నాడు ధీరజ్.

దేవిశ్రీ చెడ్డ మనిషి కాదు. ఇంకో కథ ఏదైనా ఉంటే ఇమ్మంది, ఊరెళ్ళాక పంపినా తీసుకుంటానంది. ఊర్మిల తల అడ్డంగా ఊపి, చెప్పులేసుకుని, వానలోకి నడిచింది.

బస్టాండులో వెనకాలే వచ్చాడు, గొడుగు లేకుండా.

"ఊర్మిలా, మొదటి రోజు నిజంగా మరిచిపోయాను. ఒట్టు. తర్వాత నువ్వు కథ చెప్పావే, అప్పుడే అనబోయాను. చెప్పేస్తే నువ్వు వెనక్కి తీసుకుంటావు. నా దగ్గర రాయడానికి ఇంకేం లేదు."

"మరి ఇందాక?"

"నాన్న ఉన్నాడు."

"మా అక్కనెందుకు చంపినవు?"

"ఎండింగ్ బలంగా ఉండాలని మేడమ్ అన్నారు కదా..." అని నీళ్ళు నమిలాడు. ఆ తర్వాత ఒక్కసారిగా అనేశాడు. "నువ్వంటే నాకిష్టం. ఇంత ఇష్టం ఎవరి మీదా లేదు. అది అబద్ధం కాదు."

"తెలుసు" అంది ఊర్మిల. "నాకూ ఇష్టమే. అదే కద నా ఏడుపు!"

బస్సు వచ్చింది. ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికినా అటువైపు చూడలేదు.

*

వరి కోతలయ్యాక పుస్తకం అచ్చయి వచ్చింది. ధీరజ్ ఒక కాపీ పంపాడు. మొదటి పేజీలో 'ఊర్మిలకు ప్రేమతో' అని రాసి సంతకం పెట్టాడు. తిట్టుకుంటూనే ఊర్మిల దాన్ని అక్క ముందు కూర్చుని దోర్లీలో చెబుతూ చదివింది. కోసే చివరిదాకా విని, "బతికే ఉన్న కదనే నేను" అంది. అంతే అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఒక ఆదివారం జీపు వచ్చి ఇంటి ముందు ఆగింది. పైడిరాజు, పైడమ్మ, వెనక ధీరజ్. పైడిరాజు చేతిలో మూత వేసిన ఇప్పసారా సీసా. పద్ధతి ఎవరినో అడిగి తెలుసుకుని వచ్చాడు పాపం. దోర్ల ఇళ్ళలో మగపెళ్ళివారే సీసాతో వచ్చి పిల్లనడుగుతారు. పిల్ల వైపువాళ్ళు ఓలి చెప్తారు, అంటే పిల్లను తీసుకుపోతున్నందుకు మగపెళ్ళివారు ఇవ్వాల్సింది. అది కుదిరితే పిల్ల తండ్రి మూత తీసి అందరికీ పోస్తాడు. కుదరకపోతే సీసా వచ్చిన చేతుల్లోకే వెళ్ళిపోతుంది.

"మావోడు ఇంకెవుల్నీ సేసుకోనని కూకున్నాడు బావగారూ" అన్నాడు పైడిరాజు. "కులం గిలం నానెరగను. మీ పిల్ల మాకు బంగారం."

ఊరి పెద్ద లక్మా, కేసా, మరో నలుగురు గుండ్రంగా కూర్చున్నారు. కోసే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. ధీరజ్‌కి చెంబు అందిస్తూ ఆగింది.

"నన్నెందుకు చంపినవు బాబూ?"

ధీరజ్ చెంబు అందుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"కథ కదేటమ్మా" అని పైడిరాజు నవ్వబోయాడు. ఎవరూ నవ్వకపోయేసరికి ఆపేశాడు.

"ఓలి చెప్పు కేసా" అన్నాడు లక్మా.

కేసా కూతురి వైపు చూశాడు. "దాన్నే అడగనీ."

ఊర్మిల ముందుకొచ్చింది. ఆమెకు ధీరజ్ కావాలి. ఆ సంగతి ఆమె కళ్ళు చూస్తే అక్కడ ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే గొంతు గట్టిగా పెట్టింది.

"నాకు మేకలొద్దు, వెండొద్దు. ఆ క్లబ్బుల, ఆ రోజున్నోళ్ళందరి ముంగట, మేడమ్‌కి ఫోన్ కలిపి, ఊర్మిలకి రూలు నేను చెప్పలేదని ఒక్క మాట అనాలె. అదే నా ఓలి."

పైడిరాజు కొడుకు వైపు తిరిగాడు. "ఏటిరా ఇది?"

ధీరజ్ లేచి నిలబడ్డాడు. "నిజమే నాన్నా. నేను చెప్పలేదు. హాల్లో అబద్ధం ఆడాను. ఆ కథ ఈమెదే."

చెప్పాడు! తండ్రి ముందే చెప్పాడు! ఊర్మిల గుండె ఎగిసిపడింది. అప్పుడు గానీ కేసా సీసా మూత మీద చెయ్యి వేసి ఉంటే ఆమె ఆపేది కాదు.

"క్లబ్బుల గూడ గిదే చెప్తవు కద?" అంది.

"ఇక్కడ చెప్పాను కదా ఊర్మిలా. ఇంతమంది ముందు."

"ఈ ఊళ్ళె నీ పుస్తకం చదివినదాన్ని నేనొక్కదాన్నే. ఈడ ఒప్పుకుంటే నీకేం పోయింది?"

జవాబు కోసం అతను తండ్రిని చూశాడు. పైడిరాజు తల రెండు చేతుల్లో పెట్టుకుని కూర్చున్నాడు. "ఆఫీసర్లందరికీ కాపీలు పంచినానమ్మా. రేపట్నుంచి నా తలెక్కడెట్టుకోను? అది తప్ప ఇంకేదైనా అడుగు తల్లీ."

పైడమ్మ తన చేతి గాజు తీయబోయింది. ఊర్మిల ఆ చెయ్యి పట్టుకుని ఆపింది. ఆవిడ మీద ఆమెకు ఏ కోపమూ లేదు.

"నాన్న పరువు..." అన్నాడు ధీరజ్. "ఇంకో పుస్తకం వేద్దాం. ఇద్దరి పేర్లూ వేయిస్తాను. జీవితాంతం నీకు తోడుంటాను ఊర్మిలా. ఈ ఒక్కటీ వదిలెయ్."

జీవితాంతం ఇస్తాడట! ఒక్క మాట మాత్రం ఇవ్వలేడట!

"నాయినా, సీసా ఇచ్చెయ్" అంది ఊర్మిల.

కేసా సీసా పైడిరాజు చేతిలో పెట్టాడు, మూత తీయకుండానే. అన్నం తిని వెళ్ళమన్నాడు మర్యాదగా. వాళ్ళు ఉండలేదు. జీపు ఎక్కేముందు ధీరజ్ వెనక్కి తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. ఆమె కూడా చూసింది. ఈసారి మొహం తిప్పుకోలేదు. కళ్ళనిండా చూసుకుంది, ఇక చూడబోనని తెలిసి.

జీపు మలుపు తిరిగాక వాకిట్లో కూలబడి భోరున ఏడ్చింది. కోసే వచ్చి పక్కన కూర్చుంది. ఓదార్చలేదు, తల నిమరలేదు. ఏడుపు తగ్గేదాకా కూర్చుని, అప్పుడు అడిగింది.

"మేడమ్ ఇంకో కథ పంపమన్నది కద?"

"నీ కథ అయిపోయింది కదే. నా దగ్గరింకేమున్నది?"

"ఇయ్యాళ్టిది లేదా?"

ఊర్మిల ముక్కు తుడుచుకుంటూ అక్క వైపు చూసింది.

"ఎవ్వరికీ చెప్పకు" అంది కోసే. "ముందుగాల రాయి."