నిరోష మాఫీ అడగదు

నిరోష పొయ్యి మీద జొన్నరొట్టె తిప్పుతూ ఉండగానే భద్రమ్మ గొంతు వాడంతా మోగింది.

"నా కొడుకు తలకాయ పగలగొట్టిన మహాతల్లి ఏదీ?"

ఆమె నిరోష మామ గుర్వయ్యకు సొంత చెల్లెలు. వెనకాలే కొడుకు విజేందర్, నెత్తికి తెల్లకట్టుతో, తల దించుకుని నిలబడ్డాడు.

నిరోష లేవలేదు. ఎందుకు లేవాలి? జబ్బుపడ్డ గొర్రెపిల్లను చంకనేసుకుని, చలికి మామ గొంగడి నెత్తి మీదుగా కప్పుకుని, నిన్న పొద్దున్నే కొత్తకోట పశువుల దవాఖానకు బయల్దేరింది. కందిచేను మలుపులో ముఖానికి తువ్వాల చుట్టుకున్న మనిషొకడు వెనక నుంచి వచ్చి గొంగడి పట్టి గుంజాడు. మెడ బిగిసింది, ఊపిరాడలేదు. చేతికర్ర తిప్పి ఒక్కటిచ్చింది. తువ్వాల జారాక చూస్తే విజేందర్! ఊళ్లో గొర్రెలు పోతున్నాయని గస్తీ పెట్టారు కదా, ఆమెనే దొంగనుకున్నాడట. దొంగను పట్టబోయి ఇంటి కోడలిని పట్టాడు ఘనుడు.

"అందరి ముందర కాళ్లు మొక్కి మాఫీ అడగాలె. లేకుంటే ఇగ నా పుట్టింటి గడప తొక్క," అంది భద్రమ్మ.

నిరోష మొగుడు మల్లేశ్ మెల్లగా పక్కన చేరాడు. "ఒక్క మాటనే గద నిరోషా. అంటే నీ సొమ్మేం పోతది?"

"నా పానం పోతుండె!" నిరోష కొంగు తీసి మెడ మీది ఎర్రటి చార చూపించింది. "ఆయన కట్టు అందరికీ కనబడ్డది. గిది ఎవలన్న చూసిండ్రా? రేపు ఇంకెవడన్న మీద పడితే, మా చుట్టానివా కాదా అని అడిగి కొట్టాల్నా? నేను అడగ. ఏం చేసుకుంటరో చేసుకోండ్రి!"

అరుగు మీద కూర్చున్న గుర్వయ్య లేచాడు. గస్తీకి పెద్ద ఆయనే. చెల్లెలంటే ఆయనకు ప్రాణం. ఇప్పుడాయన ఆమె పక్షమే అవుతాడనుకుంది నిరోష.

"విజేందర్, మీదికి పోయే ముందట కూత పెట్టినవా?"

ఇంకొకరి మంద దగ్గరికైనా, జీవాలతో ఉన్న మనిషి దగ్గరికైనా పోయేవాడు దూరం నుంచే కూత పెట్టాలి. పెట్టకుండా వచ్చినవాడు దెబ్బ తింటే అడిగే దిక్కుండదు. గొర్రెలు కాసే ఇళ్లలో పిల్లలకు కూడా తెలిసిన పద్ధతి అది.

"పెట్టలే మామా," విజేందర్ నసిగాడు. "కూత పెడితే దొంగ ఉరుకుతడని నువ్వే వద్దంటివి గద."

గుర్వయ్య తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అవ్ రా, నేనే అన్న. తాతల నాటి పద్ధతి నేనే తప్పిచ్చిన." ఆయన భద్రమ్మ వైపు తిరిగాడు. "చెల్లె, నా కోడలు మాఫీ అడగదు. ఆమె జాగల నేనున్నా గట్లనే కొడ్తుంటి. అడగాల్సింది నేను."

కోడలికి రెండు చేతులూ జోడించాడు.

"వద్దు మామా!" నిరోష ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆ చేతులు పట్టుకుని కిందికి దించింది. తర్వాత విజేందర్ దగ్గరికి వెళ్లింది.

"నొప్పి ఉన్నదా అన్నా?"

"జర ఉన్నది," అన్నాడు. "తప్పైంది చెల్లె."

భద్రమ్మ అరుగు మీద కూలబడి కొంగుతో కళ్లొత్తుకుంది. "కొడితే కొడితివి గాని, జర మెల్లగ కొట్టకపోతివానే!"

నిరోష కన్నీళ్లతోనే నవ్వి, పోయి ఆమె పక్కన కూర్చుంది.

"ఊపిరి ఆడనప్పుడు మెల్లగ కొట్టుడు నాకు రాదు."