నీలం మూత

పొద్దున్నే ఏడున్నరకి ఇన్‌స్పెక్టరమ్మ భోజనాల బల్ల మీద తన సంచి బోర్లించి సామానంతా సరిచూసుకుంటోంది. కొలత టేపు, చిన్న టార్చి, కుళాయి నీళ్ళ వేడి చూసే థర్మామీటరు, రెండు పెన్సిళ్ళు, పిల్లల గదిలో తొడుక్కోవడానికి ఉతికిన మేజోళ్ళు. చిన్నపిల్లల బడులకి వెళ్ళి, అవి ఎంత బాగా నడుస్తున్నాయో చూసి గ్రేడు ఇవ్వడం ఆమె ఉద్యోగం. ఆఫీసులో ఇన్‌స్పెక్టరమ్మ అంటారు కానీ బడుల వాళ్ళు చాటుగా పెట్టుకున్న పేరు ‘సూదిమందు’. వచ్చేముందు భయం, వచ్చాక నొప్పి, వెళ్ళాక మన మంచికే అనుకోవాలి.

ఈ రోజు సూదిమందు కూనిరాగం తీస్తోంది.

“ఏంటమ్మాయ్, ఇవాళ పాట కూడా వస్తోంది?” అన్నారు అత్తగారు, పాలగ్లాసు ముందు పెట్టుకుని.

“ఏం లేదత్తయ్యా. ఊరికే.”

ఆమె భర్త బల్ల మీది ఫైలు అందుకుని, అట్ట మీద చిరునామా చదివి, కాఫీ కప్పు కింద పెట్టేశాడు.

“ఇది మా అక్క బడి!”

“కాగితం మీద బడి పేరే ఉంది. అక్క పేరు ఎక్కడా లేదు.”

“బంధువుల బడికి మీరు వెళ్ళకూడదు కదా? మొదటి పేజీలోనే అడుగుతారని నువ్వే చెప్పావు.”

“అడిగారు. బంధుత్వం లేదని టిక్కు పెట్టాను.”

“లేదా?”

“మూడేళ్ళుగా ఈ గుమ్మం తొక్కని మనిషి నాకు బంధువెలా అవుతుంది?”

తొక్కనివ్వనిది ఎవరో అతనికి తెలుసు. ఆ మాట కాఫీతో పాటు మింగేశాడు. పన్నెండేళ్ళ కాపురంలో అతను నేర్చుకున్న విద్యల్లో అదే మొదటిది.

అత్తగారు మాత్రం ఏదీ మింగే రకం కాదు. “దాని బడి మూయించేస్తావా?” అని మొహాన్నే అడిగేశారు.

“నా చేతిలో ఏముందత్తయ్యా? ఎలా ఉంటే అలా రాస్తాను.”

“అలా రాసేదానివైతే పాట పాడేదానివి కాదు.”

ఇన్‌స్పెక్టరమ్మ సంచి జిప్పు లాగింది. అప్పుడే గువ్వ ఒక బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని, “అమ్మా, దీని తాడు మళ్ళీ అలిగింది” అంటూ వచ్చింది. ఏడేళ్ళు నిండబోతున్నాయి దానికి. ఇప్పుడు నోరు మూయించడం ఎవరి తరమూ కాదు. ఒకప్పుడు ఆ నోరు తెరిపించడం ఎవరి తరమూ కాలేదు.

మూడున్నరేళ్ళు వచ్చినా గువ్వ మాట్లాడలేదు. డాక్టరు తొందరపడొద్దన్నాడు. మేనత్త బడే కదా, కడుపులో పెట్టుకుని చూసుకుంటుందని అక్కడే చేర్చారు. నిజంగానే చూసుకుంది. నాలుగు నెలల్లో పిల్ల నోట్లోంచి ‘అమ్మ’, ‘పాలు’, ‘ఇంకా’ అనే మూడు మాటలు వచ్చాయి. ఆ మూడు మాటలకి ఇంట్లో జరిగిన సంబరం అంతా ఇంతా కాదు.

ఆ సమయంలో ఆ బడికి గ్రేడు ఇవ్వడానికి ఇన్‌స్పెక్టర్లు వస్తున్నారని తెలిసింది. ముందురోజు సాయంత్రం ఆడపడుచు ఫోన్ చేసి, “రేపు బడిలో నీళ్ళు రావట, గువ్వని పంపకు” అంది. సరేననుకుంది ఈవిడ. మర్నాడు బజారుకి వెళ్తూ పిల్లని వెంట తీసుకెళ్ళింది. బడి ముందుకొచ్చేసరికి లోపల పిల్లలంతా పాటలు పాడుతున్నారు. గువ్వ తల్లి చెయ్యి విడిపించుకుని పరుగెత్తి, గేటు ఊచలు పట్టుకుని ఊపింది. రెండు చేతులతో కొట్టింది. కిటికీ దగ్గరికి ఆడపడుచు వచ్చింది. చూసింది. పరదా లాగేసింది.

తర్వాత ఎనిమిది నెలలు గువ్వ ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఆ మూడు మాటలూ పోయాయి.

బడికి మొదటి గ్రేడు వచ్చింది. ఆడపడుచు గ్రేడు కాగితం అద్దం కట్టించి గోడకి తగిలించిందని ఎవరో ఈవిడకి చెప్పారు. హైస్కూల్లో లెక్కలు చెప్పే ఉద్యోగం మానేసి, ఈ ఉద్యోగానికి పరీక్ష రాసింది. పిల్లల కోసం అని అందరికీ చెప్పింది. ఆ పరదా కోసమని ఆమెకి తెలుసు. మూడో గ్రేడు వస్తే మూణ్ణెల్లలో ఏ బడైనా మూతపడాల్సిందే. ఈ రోజు కోసం ఆమె రెండేళ్ళు ఓపిక పట్టింది.

బడి గేటు తీసిన ఆడపడుచు మొహంలో రంగు మారింది. ఆవిడని వీధంతా పెద్ద టీచర్ అంటారు.

“నువ్వా?” అని, వెంటనే సర్దుకుని, “మనకి చుట్టరికం ఉందని మీ ఆఫీసుకి తెలుసా మేడమ్?” అంది.

“చుట్టరికమా? ఎవరికండీ?” అంది ఇన్‌స్పెక్టరమ్మ, మేజోళ్ళు తొడుక్కుంటూ.

పెద్ద టీచర్ పక్కకి తప్పుకుని దారిచ్చింది.

ఇన్‌స్పెక్టరమ్మ ముందు ప్రహరీ ఎత్తు కొలిచింది, సరిగ్గా ఉంది. కుళాయి నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. మందుల పెట్టె పిల్లలకి అందని ఎత్తులో ఉంది, మందుల గడువు కూడా దాటలేదు. పదిమంది పిల్లలకి ఒక టీచరో ఆయానో ఉండాలి, తొమ్మిదిమందికే ఒకరున్నారు. మరుగుదొడ్ల మూలమూలకీ టార్చి కొట్టింది. ఒక చోట పెచ్చు ఊడిన టైలు తప్ప ఏమీ దొరకలేదు. పెచ్చు ఊడిందని బడి మూయించలేం కదా. మిగతా బడుల్లో అన్నీ బాగుంటే ఆమెకి హాయిగా ఉండేది. ఇక్కడ ఒక్కొక్కటీ బాగున్నకొద్దీ ఒళ్ళు మండుతోంది.

ఇక మిగిలింది పెద్ద భాగం. పెద్దవాళ్ళు పిల్లలతో ఎలా ఉంటున్నారనేది. సగం మార్కులు దానికే. దానికో పద్ధతుంది. ఇన్‌స్పెక్టర్ గోడవారన నేల మీద కూర్చోవాలి. పిల్లలతో మాట్లాడకూడదు, నవ్వకూడదు, దేన్నీ ముట్టుకోకూడదు. గోడకి తగిలించిన క్యాలెండర్లా ఉండాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఆ పాఠం చెప్పేది కూడా ఈవిడే.

అలా కూర్చున్నాక కనిపించింది ఆ పిల్ల. నాలుగేళ్ళుంటాయి. సంచులు తగిలించే కొక్కేల దగ్గర ఒక్కో పిల్లకీ ఒక్కో బొమ్మ గుర్తు. ఈ పిల్లది గొడుగు. బల్ల కింద ఒక్కతే కూర్చుని సీసా మూతలు వరసగా పేరుస్తోంది. ఎరుపు, పసుపు, నీలం. ఎవరైనా దగ్గరికొస్తే భుజాలు ముడుచుకుంటోంది. గంట సేపట్లో ఒక్క మాట మాట్లాడలేదు. అచ్చు గువ్వే.

ఇన్‌స్పెక్టరమ్మ ముందుకి వంగి చూసింది. దొరికింది అనుకుంది. ఈ పిల్లని దాచడం కుదరలేదన్న మాట, అందుకే బల్ల కిందికి తోశారు. ఇన్ని నెలలుగా ఈ పిల్లకి ఒక్క మాటైనా నేర్పలేదని తేలితే చాలు, సగం మార్కులు గాల్లో కలుస్తాయి.

ఆమె గోడ వదిలింది. పాక్కుంటూ బల్ల దగ్గరికి వెళ్ళి, వరసలోంచి నీలం మూత చేతిలోకి తీసుకుంది.

“ఇది ఏ రంగు పాపా?”

పిల్ల చెయ్యి చాపింది, మూత కోసం.

“చెప్తే ఇస్తాను. ఏ రంగు?”

పిల్ల పెదవులు వణికాయి. చుట్టూ ఉన్న పిల్లలు ఆటలాపి చూస్తున్నారు. ఒకడు, “ఆ పాపకి మాటలు రావు” అన్నాడు.

“పోనీ నీ పేరేంటి? పేరైనా చెప్పు. చెప్పమ్మా!”

మూడోసారి అడిగేటప్పటికి ఆమె గొంతు పెరిగింది. గొడుగు పాప రెండు చెవులూ మూసుకుని తలని బల్ల కాలికి కొట్టుకోవడం మొదలుపెట్టింది. గౌను తడిసి నేల మీద చిన్న మడుగు కట్టింది.

“బయటికి నడువు.”

వెనక పెద్ద టీచర్ నిలబడి ఉంది. గొంతు పెద్దగా లేదు.

“నేను పరిశీలనలో ఉన్నాను” అంది ఇన్‌స్పెక్టరమ్మ.

“నువ్వు పగ తీర్చుకోవడంలో ఉన్నావు. నా మీద తీర్చుకో, ఆ పిల్లేం చేసింది? లే ముందు!”

“ఇన్‌స్పెక్టర్‌ని బయటికి పంపితే ఏమవుతుందో తెలుసా? వేరే కారణం అక్కర్లేదు, మూడో గ్రేడే!”

“తెలుసు. గ్రేడు కోసం ఒకసారి పిల్లని గేటు బయట నిలబెట్టాను. మూడేళ్ళుగా ఏడుస్తున్నాను. ఇవాళ గ్రేడునే బయట నిలబెడతాను. నడువు!”

చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి, సంచి చేతికిచ్చి, గేటు వేసి, గడియ పెట్టింది.

ఇన్‌స్పెక్టరమ్మ మేజోళ్ళతోనే వీధిలో నిలబడింది. సరిగ్గా గువ్వ నిలబడ్డ చోటే. కిటికీలోంచి లోపల కనిపిస్తోంది. పెద్ద టీచర్ పిల్లని ఎత్తుకోలేదు, ముద్దు చెయ్యలేదు. తడి పక్కనే నేల మీద కూలబడి, తలకీ బల్ల కాలికీ మధ్య తన అరచెయ్యి పెట్టింది. ఆ అరచేతి మీదే పిల్ల తల కొట్టుకుంది కాసేపు. తర్వాత ఆగింది. ఆయా కిటికీ దగ్గరికొచ్చి పరదా లాగబోయింది. పెద్ద టీచర్ వద్దన్నట్టు తలూపింది. పరదా అలాగే తెరిచి ఉంది.

సాయంత్రం ఆరింటికి ఇన్‌స్పెక్టరమ్మ బల్ల ముందు కూర్చుంది. రిపోర్టు రేపటికల్లా పంపాలి. ఒక్క వాక్యం చాలు. ‘తనిఖీ మధ్యలో అధికారిని బయటికి పంపారు.’ అబద్ధం కూడా కాదు. రెండేళ్ళుగా కలలు కన్న వాక్యం పెన్సిలు మొనమీద ఉంది. ‘తనిఖీ మధ్యలో’ అని రాసింది. చెయ్యి ముందుకు కదల్లేదు.

“అమ్మా, ఎందుకేడుస్తున్నావు?” గువ్వ వచ్చి మోచెయ్యి పట్టుకుంది.

ఏడుస్తున్నట్టు ఆమెకే తెలీదు. “ఇవాళ ఒక పాపని ఏడిపించాను రా.”

“ఎందుకు?”

“వాళ్ళ టీచర్ మీద కోపంతో.”

గువ్వ ఆలోచించింది. “అయితే టీచర్‌నే ఏడిపించాల్సింది. పాప నీకేం చేసింది?”

పొద్దున విన్న మాటే. ఏడేళ్ళ పిల్ల నోట వినేసరికి ఆమె తల వాలిపోయింది.

“ఎలా ఏడిపించావు?” వదిలే రకం కాదు గువ్వ.

“దాని మూత తీసుకున్నాను. మాట్లాడితే ఇస్తానన్నాను.”

“మరి ఇచ్చేశావా?”

ఆమె చేతులు చూసుకుంది. సంచి వెతికింది. కుర్తా జేబులో చెయ్యి పెట్టింది. ఉంది. నీలం మూత.

ఇన్‌స్పెక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి బావురుమంది. అత్తగారు లోపల్నుంచి వచ్చి, మూతనీ కోడలినీ చూసి, పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

“వదిన చేసిన పనే నేనూ చేశానత్తయ్యా. వదిన పరదా వేసింది. నేనైతే పిల్ల కళ్ళలోకి చూస్తూ చేశాను.”

“అది తప్పు చేసింది. నేను కాదనను” అన్నారు ఆవిడ. “శుక్రవారం గుడిలో కలిసినప్పుడల్లా దానికి చెప్తూనే ఉన్నాను. గోడ మీది కాగితం సంగతి నీ చెవిన పడిందని నేను చెప్పిన మర్నాడే దాన్ని తీసేసింది. అది చెప్తే నువ్వు వినేదానివా?”

వినేది కాదు. ఆమెకి తెలుసు.

కళ్ళు తుడుచుకుని, రాసిన రెండు ముక్కలూ రబ్బరుతో చెరిపేసింది. మొదటి పేజీ తిప్పి, ‘బంధుత్వం లేదు’ అన్న చోట టిక్కు కొట్టేసి, ‘ఉంది’ అన్న గడిలో పెట్టింది. అక్కడ మిగిలిన జాగాలో రాసింది: ‘ఈమె నా భర్త అక్క. తెలిసే దాచాను. పరిశీలనలో పిల్లతో మాట్లాడాను, వస్తువు లాక్కున్నాను, పిల్ల భయపడింది. నన్ను బయటికి పంపడం సరైన పని. ఈ బడికి వేరొకరిని పంపండి, నా మీద చర్య తీసుకోండి.’ భర్త భుజం మీదుగా చదివాడు. ఈసారి ఏమీ మింగలేదు.

“ఉద్యోగం పోతుందేమో” అన్నాడు.

“పోతే పోనివ్వండి. ఆ పిల్ల గౌను తడిసిందండీ” అంది.

మర్నాడు పొద్దున బడి తెరిచే వేళకి తల్లీ కూతురూ గేటు ముందున్నారు. గువ్వ వద్దంటే వినలేదు, మూత తనే ఇస్తానంది. తల్లి మాత్రం నాలుగడుగులు వెనకే ఆగిపోయింది. లోపల తుడుస్తున్న పెద్ద టీచర్ తలెత్తి చూసి, చీపురు వదిలేసి గేటు దగ్గరికి వచ్చింది.

మూడేళ్ళలో మేనకోడలిని ఇంత దగ్గరగా చూడటం అదే మొదటిసారి. పిల్ల మాట్లాడుతోందని శుక్రవారాలు తన తల్లి చెప్పగా వినడమే కానీ, ఆ మూడు మాటల తర్వాత ఆ గొంతు ఆమె మళ్ళీ వినలేదు.

గువ్వ ఊచల మధ్యనుంచి మూత అందించింది. “ఇది గొడుగు పాపదట. మా అమ్మ పొరపాటున తెచ్చేసింది.”

“పొరపాటున కాదు వదినా” అంది వెనకనుంచి ఇన్‌స్పెక్టరమ్మ. “కావాలనే చేశాను. రిపోర్టులో కూడా అదే రాశాను.”

పెద్ద టీచర్ ఆ మాట విన్నదో లేదో. మూత గుప్పిట్లో పట్టుకుని, గువ్వ మొహమే చూస్తూ, “ఏదీ, ఇంకో మాట మాట్లాడు తల్లీ” అంది. చెంపల మీద నీళ్ళు ధారలు కట్టాయి.

గువ్వ రెండు చేతులతో ఊచలు పట్టుకుంది. ఒకప్పుడు కొట్టిన ఊచలే.

“గేటు తియ్యి అత్తా” అంది.