నీలూ అని పిలిచే ఓడ

చీకటి పడ్డాక ఆ ఓడ వైపు ఎవరూ పోరు. సూరత్‌లో తాపీ నది ఒడ్డున, సముద్రం పోటు ఎక్కే చోట, బురదలో ఒరిగి ఉంటుంది.

దాన్ని అక్కడ వహాణ్ అంటారు. కర్ర ఓడ. చెక్కల సందుల్లో దూది కూరి, చేప నూనె పూసి కట్టింది. తెరచాప ఎత్తితే గాలే లాక్కుపోయేది. మలబారు నుంచి టేకు, పెంకులు తెచ్చేది. ఇక్కడి పత్తి మోసుకుపోయేది. తర్వాత ఇంజన్ పడవలొచ్చాయి, లారీలొచ్చాయి. తెరచాపను ఎవరో గుడిసె మీద కప్పుకున్నారు. ఓడను మాత్రం వదిలేశారు.

అన్నేళ్లూ దానికి చెడ్డ పేరు లేదు. లాక్‌డౌన్ పెట్టాకే... అది పిలవడం మొదలుపెట్టింది.

ఆ ఊళ్లోనే నవాగామ్ తెలుగువాళ్ల బస్తీలో ఐలమ్మకు ఆ సంగతి చెప్పింది పక్కింటి సింధూజ. ఐలమ్మ గడపలో కూచుని ఫోన్ చూస్తోంది. కొడుకు పరమేశ్ అమ్రోలిలో బట్ట నేసే సాంచెలు నడుపుతాడు. దగ్గుతున్నారని అతన్నీ, రూములో తోడున్న నరహరినీ ఓనర్ బయటికి గెంటాడు. "ఇంటికొస్తే నీకంటుకుంటదే అవ్వా" అన్నాడు కొడుకు. ఆ తర్వాత ఫోన్ కలవలేదు.

"తండేల్ దెయ్యమంట పెద్దమ్మా" అంది సింధూజ గొంతు తగ్గించి. "ఓడ నడిపేటాయన. బిడ్డ నీళ్లల్ల పడి సచ్చిందంట. రాత్రయితే పిలుస్తడంట... నీలూ... నీలూ... అని. దెయ్యానికి సుత మాస్కు పెట్టాల్నని నవ్వుతున్నరు పోరగాళ్లు."

"ఎవలు విన్నరే?"

"మా ఫ్రెండ్ వాళ్ల భాయ్. గుజరాతీలు."

ఐలమ్మ ఆ పేరును పెదవుల మీద పలికి చూసుకుంది. మళ్లీ పలికింది.

"నీలూ కాదు బిడ్డా... నీళ్లు."

సీసా నింపుకుని గల్లీల వెంట నడిచింది. ఓడ చేరేసరికి చుట్టూ పోటు నీరే — అంతా ఉప్పు.

"నీళ్లు..."

లోపలి నుంచే. విరిగిన చెక్కలోంచి దూరి ఫోన్ వెలుగు వేసింది. ఎముకల గూడులా ఒక మనిషి... పరమేశ్ కాదు. నరహరి.

తాగించింది.

"మావోడేడి?"

"నీళ్లు తెస్తనని దిగిండు చిన్నమ్మా... మొన్న రాత్రి. మొఖానికి తెల్లగుడ్డ కట్టుకున్నడు. ఒడ్డు మీద మనుషులుండిరి. దెయ్యం దిగిందని... రాళ్లేసిండ్రు."

"ఎటు ఉరికిండు?"

నరహరి చెయ్యెత్తి చూపించాడు — ఏటి వైపు.

ఐలమ్మ చెక్కల మధ్య నిలబడి, ఉన్న గొంతంతా పెట్టి పిలిచింది.

"పరమేశా..."

ఒడ్డు మీద టార్చి వెలిగింది. ఇవాళ ఆడదెయ్యం కూడా వచ్చిందని గుజరాతీలో ఎవరో గుసగుసలాడారు.

మొదటి రాయి ఓడ చెక్కకు తగిలింది.